ఇసుక పెరడు, పైపై నీళ్ళు

(చీరాల దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో, పెరటితోటలు పెంచుకునేవాళ్ళ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట తీరు చెడకుండా కొద్దిగా సరిచేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

ఈమధ్య మన వైపు ఎవరి పెరట్లోకి వెళ్ళినా ఒకటే మాట వింటున్నాను. "మొక్కలు బతకట్లేదండీ, బోరు ఉప్పు తేలింది. ఇంకో 30 అడుగులు దింపించాం, అయినా ఉప్పే." ఆ 30 అడుగులు దింపించడంలోనే తేడా వచ్చిందని చెప్పడానికి నేను ఇవాళ వచ్చాను. ఎరువుల గురించీ పురుగుల గురించీ కూడా మాట్లాడతాను, వంట గురించి తప్పకుండా మాట్లాడతాను. కానీ సముద్రం పక్కన కూరగాయలు పెంచే విద్యలో ముప్పాతిక వంతు నీళ్ళని పైపైన తీసుకోవడమే. మిగతాదంతా ఎవరైనా నేర్పుతారు.

మెట్ట ప్రాంతంలో నీళ్ళు లేకపోతే లోతుకి వెళ్తారు. అక్కడ అది సరే. మన దగ్గర ఇసుక కింద రెండు నీళ్ళుంటాయి. పైన వాన తెచ్చిన మంచినీళ్ళు, కింద సముద్రం నుంచి లోపలికి వచ్చిన ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు బరువు, మంచినీళ్ళు తేలిక. అందుకని ఇవి వాటి మీద తేలుతూ ఉంటాయి. ఎంత మందాన తేలతాయో లెక్క కూడా ఉంది. 19వ శతాబ్దం చివర హాలెండులో గైబెన్ అనే ఇంజనీరు, కొన్నేళ్ళ తర్వాత 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ అనే ఇంకో ఇంజనీరు దాన్ని వేర్వేరుగా తేల్చారు. సముద్రమట్టానికి ఒక్క అడుగు పైకి మంచినీళ్ళు నిలబడితే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్ళే ఉంటాయి. వినడానికి బాగుంది కదా? దాన్నే తిరగేసి చూడండి. మనం తోడి తోడి పైన ఒక్క అడుగు తగ్గించామంటే కింద ఉప్పు మెల్లగా 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. ఇక బోరుని నేరుగా ఉప్పు దగ్గరికే దించి, రెండు హెచ్‌పీ మోటారు పెట్టి, మూడు గంటలు ఆపకుండా లాగితే అది వెంటనే పైకొస్తుంది. మోటారు ఆపినంత తేలిగ్గా మళ్ళీ కిందికి దిగదు.

ఈ సంగతి మన తాతలకి ఏ లెక్కా లేకుండానే తెలుసు. దొరువు అంటే ఇక్కడ తెలియనివాళ్ళు ఉన్నారా? పిల్లలు చేతులెత్తుతున్నారు. సరే, చెప్తాను. ఇసుకలో వెడల్పుగా, వాలుగా తీసిన గొయ్యి అది. లోతు తక్కువ, నోరు పెద్దది. నీటి మట్టం తగలగానే తవ్వడం ఆపేస్తారు. అడుగున మోకాలి లోతో నడుం లోతో నీళ్ళు ఊరతాయి. రెండు చేతుల్లో రెండు చిల్లుల మూతి బిందెలు పట్టుకుని మనిషి ఆ వాలులో దిగుతాడు, ముంచుకుని పైకొచ్చి మడి మీద వాన కురిసినట్టు పోస్తాడు, మళ్ళీ దిగుతాడు. బాపట్ల, చీరాల ఇసుకల్లో కనకాంబరాలు, ఆకుకూరలు, నారుమళ్ళు అన్నీ ఇలాగే పెరిగాయి. ఆ మనిషి భుజాలు ఏమయ్యేవో నేను చెప్పక్కర్లేదు. దాన్ని నేనేమీ అందంగా వర్ణించబోవడం లేదు, అది నడుములు విరిచే చాకిరీ. కానీ అందులో ఒక మేలుంది. మనిషి బిందెతో తోడితే ఎంత తోడగలడు? ఊరినంత తీసుకుంటాడు, అలసిపోతాడు, ఆగుతాడు. ఈలోపు నీళ్ళు మళ్ళీ ఊరతాయి.

బాపట్లలో ఉప్పునేలలు, ఉప్పునీళ్ళ మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ళు ఈ దొరువునే తీసుకుని మెరుగుపరిచారు. నీటి మట్టం కిందనే, లోతుకి పోకుండా, చిల్లులున్న పీవీసీ గొట్టాలని అడ్డంగా పరుస్తారు. ఇసుక దూరకుండా వాటికి వల చుడతారు. ఆ గొట్టాలన్నీ మధ్యలో ఒక చిన్న బావిలోకి నీళ్ళు చేరుస్తాయి. అక్కడి నుంచి చిన్న మోటారుతో తుంపర్లకో డ్రిప్పుకో ఇస్తారు. పెద్ద రైతుకి ఇది బాగుంటుంది. మన పెరటికి అంత అవసరం లేదు. ఒక వరలబావో, తక్కువ లోతు ఫిల్టర్ పాయింటో చాలు. చిన్న మోటారు పెట్టి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడపండి. మధ్యాహ్నమంతా దాన్ని ఊరనివ్వండి.

ఊరాలంటే పైనుంచి వాన దిగాలి కదా. ఇల్లు కట్టగానే చుట్టూ సిమెంటు చేయించేస్తున్నాం, చెప్పులకి ఇసుక అంటకూడదని. ఒక సెంటు స్థలం దాదాపు 40 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 400 లీటర్లు. ఐదు సెంట్ల ఇంటికి 2,000 లీటర్లు, ఒక్క ఓ మోస్తరు జల్లుకి! దాన్ని మురుక్కాలవలోకి పంపి, ఆ పక్కనే బోరు ఉప్పు తేలిందని ఏడవడం నాకు అర్థం కాదు. డాబా మీది గొట్టాన్ని ఇసుకలో ఒక గుంటలోకి వదలండి. మన ఇసుక ఎంతిచ్చినా తాగుతుంది.

ఇప్పుడు కొలత. ఇంట్లో ఆర్వో మిషను ఉన్నవాళ్ళ దగ్గర టీడీఎస్ మీటరు ఉండే ఉంటుంది, పెన్నులా ఉంటుంది చూడండి. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో అది చెప్తుంది. దాన్ని మీ బావి నీళ్ళలో ముంచండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో సాగునీటికి ఒక లెక్క ఇచ్చింది. 450 లోపు ఉంటే ఏ మొక్కకైనా భయం లేదు. 450 నుంచి 2,000 దాకా మొక్కని చూసుకుని వాడాలి. 2,000 దాటితే చాలా కూరగాయలకి కష్టం. ఒకసారి కొలిచి ఊరుకోవద్దు. కార్తీకంలో వానలు తగ్గాక ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి, రోహిణి కార్తెలో ఒకసారి కొలిచి గోడ మీద రాసుకోండి. అంకె ఎలా ఎక్కుతుందో మీరే చూస్తారు. మీ తోట క్యాలెండరు అదే. హైదరాబాదులో మిద్దెతోట వీడియోల్లో ఏ నెలలో ఏం వేయాలో చెప్పేది ఆ ఊరికి సరిపోతుంది, మనకి ఈ అంకె సరిపోతుంది.

ఎందుకంటే టీడీఎస్ 1,000 ఉందంటే లీటరుకి గ్రాము ఉప్పు. రోజుకి 100 లీటర్లు పోశారనుకోండి, నెల తిరిగేసరికి మూడు కిలోల ఉప్పు మీ చేత్తో మీరే మడిలో వేశారు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. ఉప్పు చేసే పని ఏమిటంటే, మామిడికాయ ముక్కకి ఉప్పు కలిపితే ముక్కలో నీరు బయటికి వస్తుంది చూశారా, వేరు దగ్గరా అదే జరుగుతుంది. చుట్టూ తడి ఉంటుంది, వేరు లాక్కోలేదు. మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది అని కంగారుపడి ఇంకో రెండు బిందెలు పోస్తారు. ముందు ఆకు అంచులు చూడండి. ముదురు ఆకుల కొనలు, అంచులు గోధుమరంగులో కాలినట్టు ఉంటే నీళ్ళు చాలక కాదు, ఉప్పు ఎక్కువై.

మడి చేసేటప్పుడు ఒక చిన్న పని ఉంది, చాలామంది పట్టించుకోరు. బోదెలు తోలి కాలవలో నీళ్ళు పెడతాం కదా, ఓ వారం పోయాక వంగి చూడండి. బోదె నెత్తి మీద సన్నగా తెల్లటి పొర కడుతుంది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. తడి పక్కల నుంచి పైకి ఎక్కి, నెత్తి మీద ఎండి, ఉప్పుని అక్కడ వదిలేస్తుంది. మనమేమో గింజని సరిగ్గా ఆ నెత్తి మీదే పెడతాం! మొలక ఆ పొరని చీల్చుకుని రావాలి. గింజని బోదె పక్కన, నీటి గీతకి కాస్త పైన పెట్టండి. అంతే పని. పైన వరిగడ్డో సరుగుడు ఆకో నాలుగు వేళ్ళ మందాన కప్పితే ఆవిరి తగ్గుతుంది, ఆ పొర కూడా తగ్గుతుంది. ఉప్పు నీళ్ళని ఆకుల మీద చల్లొద్దు, మొదట్లోనే పోయండి. పదిహేను రోజులకోసారి వాననీళ్ళో పంచాయతీ కుళాయి నీళ్ళో దొరికితే ఒకే మడికి పుష్కలంగా పోసి ఉప్పుని కిందికి దించేయండి. బంకమట్టిలో ఇది కుదరదు, ఇసుకలో గంటలో అయిపోతుంది. మన ఇసుకని అందరూ తిడతారు కానీ ఈ ఒక్క గుణం చాలా గొప్పది.

ఏమ్మా? మాకు ఉన్నది మిద్దె ఒక్కటే అంటున్నారు. మిద్దె మీద కుండీలకైతే ఇది ఇంకా ముఖ్యమమ్మా. కుండీలో చేరిన ఉప్పుకి పోయే దారి లేదు. అడుగు చిల్లు మూసుకుపోకుండా చూడండి, నెలకోసారి చిల్లులోంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోయండి. ఇంకోటి, కుండీల్లో కొబ్బరిపీచు పొడి వాడతారు కదా, దాంట్లోనే ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు నానబెట్టి పిండి వాడుకోవాలి. కడిగిన పీచు అని అట్టపెట్టె మీద రాసినా నేనైతే కడుగుతాను.

ఇసుకకి బలం ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. చెరువు మట్టి, పశువుల ఎరువు, ఆకు కుళ్ళు. ఇసుకలో ఎరువు నిలవదు, కాబట్టి ఒకేసారి బండెడు వేసి మర్చిపోవడం కాకుండా గంపెడు గంపెడు చొప్పున పంట పంటకీ వేయాలి. చేపల గురించి మాత్రం ఒక హెచ్చరిక. మన రేవుల్లో చేప తలలు, పొలుసులు దండిగా దొరుకుతాయి. పచ్చివి గోతిలో వేసి మట్టి కప్పితే చక్కటి ఎరువు. కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయాలి, లేకపోతే ఇరుగుపొరుగుతో మాట వస్తుంది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపల పొట్టు మాత్రం తేవద్దు. బావి నీళ్ళతో వచ్చే ఉప్పు చాలదనా?

సరే, ఏం వేయాలి? 1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఏ పంట ఎంత ఉప్పు దాకా దిగుబడి తగ్గకుండా ఓర్చుకుంటుందో ఒక పట్టిక వేశారు. తర్వాత చాలామంది దాన్ని పెంచుతూ, సరిచేస్తూ వచ్చారు. ఇది టీడీఎస్ లెక్క కాదు, వేళ్ళ దగ్గర మట్టిలో ఉప్పుదనాన్ని కొలిచే వేరే లెక్క. కొలత పేరుతో మనకి పనిలేదు, అంకెలు చూడండి, అంకె పెద్దదైతే ఓర్పు ఎక్కువ. ఫ్రెంచి చిక్కుడు, క్యారెట్ 1 దగ్గరే చేతులెత్తేస్తాయి. ఉల్లి, ముల్లంగి 1.2. మిరప 1.5. టమాటా 2.5. బీట్‌రూట్ 4. బొబ్బర్లు 4.9. గంగవావిలి, అదేనమ్మా, పాయలకూర, 6.3. వంకాయ సంగతి చిత్రం. 1.1 దగ్గరే తగ్గడం మొదలవుతుంది, కానీ మెల్లగా తగ్గుతుంది. ఒక్కో అంకె పెరిగితే చిక్కుడు దిగుబడి ఐదో వంతు దాకా పడిపోతే, వంకాయ నూటికి ఏడే పడిపోతుంది. అందుకే మన ఇళ్ళల్లో అన్నీ పోయినా వంగమొక్క మిగులుతుంది.

బీట్‌రూట్ అంత పైన ఎందుకుందో తెలుసా? దాని పుట్టిల్లు సముద్రపు ఒడ్డే. యూరపు తీరాల్లో అలల తుంపర పడే చోట ఇప్పటికీ దాని అడవి జాతి మొలుస్తుంది. మన బజార్లో పాలకూర అని కొనేది కూడా బీట్‌రూట్ కులమే, ఇంగ్లీషు వాళ్ళ స్పినాచ్ కాదు. దానికి ఉప్పు అంత బాధ కాదు. ఇన్ని తీరప్రాంతపు మొక్కలు మన చేతిలో ఉండగా, చల్లటి కొండల మీద పెరిగే రంగురంగుల క్యాప్సికం కోసం నెట్ కట్టి, రోజూ దానికి సేవ చేసి, నిమ్మకాయంత కాయ కాస్తే ఫోటో పెట్టడం… పెట్టుకోండి, ఎవరి సరదా వాళ్ళది. (నవ్వులు.) కూర మాత్రం బీట్‌రూట్‌తో అవుతుంది.

అంటే ఉప్పుకి తట్టుకోలేనివన్నీ కార్తీక, మార్గశిర, పుష్య మాసాల్లో. అప్పుడు దొరువు నిండుగా ఉంటుంది, నీళ్ళు తియ్యగా ఉంటాయి. క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, ఫ్రెంచి చిక్కుడు ఏం వేసినా అప్పుడే. మాఘం దాటాక వాటి జోలికి పోవద్దు. ఎండాకాలానికి బొబ్బర్లు, గోంగూర, తోటకూర, పాయలకూర. టమాటాకి నీళ్ళు కాస్త ఉప్పుగా ఉంటే కాయ చిన్నదవుతుంది కానీ రుచి చిక్కబడుతుంది. ఇటలీలో సిసిలీ తీరాన పచినో అనే ఊరి దగ్గర ఉప్పుదనం ఉన్న నీళ్ళతోనే టమాటా పండిస్తారు, దాని తియ్యదనానికే పేరు. కాబట్టి మార్చిలో కాయ గోలీలంత వస్తోందని మొక్క పీకేయకండి, కొరికి చూసి అప్పుడు చెప్పండి.

ఇక గాలి. సముద్రం వైపు ప్రహరీ గోడ ఎత్తు పెంచితే గాలి ఆగుతుందనుకుంటారు. గోడని కొట్టిన గాలి పైకి లేచి, అవతల సుడి తిరిగి మొక్కల నెత్తినే పడుతుంది. దానికంటే తాటాకు దడి మేలు. సగం గాలిని వదిలి సగం ఆపుతుంది, ఉప్పు తుంపరని పట్టుకుంటుంది. దడి ఎత్తుకి పది రెట్ల దూరం దాకా ఎంతో కొంత కాపు ఉంటుంది, ఆరడుగుల దడి అయితే అరవై అడుగులు. దడి వెంట అవిసె, మునగ వేస్తే రెండేళ్ళకి అదే పచ్చటి దడి అవుతుంది, పైగా కూరకి పువ్వూ ఆకూ కాయా.

తుపాను వచ్చిందంటే ఏ దడీ ఆగదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు, వాళ్ళ ముందు నేను మాట్లాడేది ఏమీ లేదు. మొన్న 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలి తర్వాత వాన ఆగిపోయి ఎండ కాస్తే ఆకుల మీది ఉప్పు కాల్చేస్తుంది. కాబట్టి గాలి తగ్గిన రోజే మంచినీళ్ళతో మొక్కల్ని తలంటినట్టు కడగండి. నిల్చుని ఉన్న మొక్కకి వెంటనే ఎరువు వేయొద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఆగాలి.

పురుగుల్లో ఒక్కటే చెప్తాను, ఇసుకకి అది ప్రత్యేకం. వేర్లలో ఉండే నులిపురుగు. బెండ, టమాటా, వంగ కారణం లేకుండా గిడసబారితే ఒక మొక్కని మెల్లగా పెకలించి, వేళ్ళని నీళ్ళలో జాడించి చూడండి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటాయి. వేరుశనగ, బొబ్బర్ల వేళ్ళకీ బుడిపెలుంటాయి, అవి మంచివి, గోరుతో అంటే రాలిపోతాయి. నులిపురుగు బుడిపె రాలదు, వేరే ఉబ్బి ఉంటుంది. ఆ మడిలో ఒక పంట బంతి వేయండి, మొక్కలని పూల కోసం చూసుకుని చివర్లో మట్టిలోనే కలిపేయండి. వేపపిండి కూడా పనిచేస్తుంది. మళ్ళీ బెండే వేశారో, మొదటికొస్తుంది.

టైమైపోతోందని అధ్యక్షులు చూస్తున్నారు. వంట మాట చెప్పకుండా దిగను.

మన పెరటి కూరలకి, మన రేవుకి ఎప్పటి నుంచో పొత్తు ఉంది. సొరకాయ ఒట్టిగా వండితే పిల్లలు ముట్టరు. గుప్పెడు ఎండురొయ్యలు తీసుకుని, తలా తోకా గిల్లేసి, నూనె లేకుండా మూకుట్లో వేయించండి. కమ్మటి వాసన రాగానే దించి, నీళ్ళలో వేసి, ఇసుక అడుక్కి దిగనిచ్చి, పైపైన చేత్తో తీయండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక రొయ్యలు వేసి, లేత సొరకాయ ముక్కలు వేసి మూత పెట్టండి. నీళ్ళు పోయొద్దు, సొరకాయే వదులుతుంది. ఉప్పు చివర్న, రుచి చూశాక. చుక్కకూరతో పచ్చిరొయ్యలు, వంకాయతో ఎండు నెత్తళ్ళు అదే దారి. శాకాహారులు పాయలకూర పప్పు చేసుకోండి. దానికి సహజంగా చిన్న పులుపు ఉంటుంది, చింతపండు సగం చాలు. కాడలు పారేయకండి, రుచంతా వాటిలోనే.

కొందరు ఉప్పునేలల్లో తనంతట తాను మొలిచే ఇలకూర కూడా తెచ్చి వండుతారు. అది ముందు ఉడికించి నీళ్ళు వంచేయాలి, కూరలో వేరే ఉప్పు అక్కర్లేదు. బీపీ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. బీట్‌రూట్ ఆకుని మాత్రం పారేయడం మానండి. వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపులో సన్నగా తరిగి వేసి వేయిస్తే పాలకూర కంటే బాగుంటుంది. బజారు దుంపకి ఆకు ఉండదు, ఉన్నా వాడిపోయి ఉంటుంది. పెరట్లో ఉన్నవాడికే ఆ భాగ్యం.

ఆ కిటికీ పక్క బల్ల మీద విత్తనాలు పెట్టాను. తలా ఒక పొట్లం తీసుకోండి, రెండు తీసుకుంటే వెనకవాళ్ళకి ఉండవు. బొబ్బర్లు, గోంగూర ఈ వారమే వేసుకోవచ్చు. బీట్‌రూట్ గింజలు మాత్రం కార్తీకం దాకా డబ్బాలో దాచండి, వేసేముందు రాత్రంతా నానబెట్టండి. మీటరు కూడా తెచ్చాను. ఎవరైనా సీసాలో బావి నీళ్ళు తెచ్చుకుని ఉంటే వరసగా రండి, కొలిచి అంకె సీసా మీదే రాసిస్తాను.